తోక నెత్తికెక్కిన మొక్క

పూలతోటలో పూలే ఉండాలనే మూఢనమ్మకం ఇంకా ఎన్నాళ్లు? క్లారీ మొక్కలకు మూడు నెలలు నీళ్లు పోసి, జ్ఞానోదయమయ్యాకే ఈ ప్రశ్న అడుగుతున్నాను.

క్లారీ అనే పేరు రెండు మొక్కలకుంది. రెండూ తులసి కుటుంబమే, కాండం పలకలు తేలి ఉంటుంది. సాల్వియా స్క్లేరియా మహా తీరుబడి గలది. మొదటి ఏడాదంతా నేలకు అతుక్కుని నూగు ఆకులు పరుస్తుంది, పూత సాధారణంగా రెండో ఏడాదే. దాని వాసన చెమట కంపని ముక్కు మూసుకునేవాళ్లున్నారు. అదే మొక్క నూనెకు అత్తర్ల తయారీలో పెద్దపీట! అంత ఓపిక లేక, విత్తిన ఏడాదే రంగు తేల్చేసే సాల్వియా విరిడిస్ వేశాను.

మోకాలెత్తు పెరిగింది. కొమ్మల చివర ఊదా, గులాబీ, తెలుపు కుచ్చులు. చుట్టాలను పిలిచి మరీ చూపించాను. అందరూ "ఎంత బాగున్నాయో పూలు" అన్నారు. మా మేనకోడలు మాత్రం మొక్క ముందు గొంతుక్కూర్చుని, "మావయ్యా, ఇవి ఆకులు. ఇవిగో ఈనెలు" అంది.

నిజమే. వృక్షశాస్త్రంలో వీటిని పుష్పపుచ్ఛాలంటారు. పుచ్ఛమంటే తోక. తోక వెళ్లి నెత్తిన కూర్చుందన్నమాట! మరి పువ్వేది? కింద, కణుపుల చుట్టూ, చిటికెన వేలి గోరంత. దానికి రెండు పెదవులు కూడా ఉన్నాయి, పాపం నోరు తెరుచుకునే ఉంటుంది, ఎవరూ మాట్లాడనివ్వరు. తేనె దానిదే, పుప్పొడి దానిదే, గింజ దానిదే. సొమ్మొకడిది, సోకొకడిది. తేనెటీగ రంగు చూసి వచ్చినా మూతి పెట్టేది కింది పువ్వులోనే. దానికి చుట్టాల మర్యాద తెలియదు.

కనుక ప్రజాహితం కోరి ప్రతిపాదిస్తున్నాను: పూల పోటీల్లో 'పువ్వు అయి ఉండాలి' అనే నిబంధన తక్షణం ఎత్తేయాలి. బాధ్యత గల పదవులకే లేని అర్హత ఒక కుండీకెందుకు?

పువ్వులు ఎప్పుడో రాలిపోయాయి. పుచ్ఛాలు కదల్లేదు. కోసి, కట్టగట్టి, నీడలో తలకిందులుగా వేలాడదీశాను. ఎండాయి గానీ రంగు వదల్లేదు. ఇప్పుడవి హాల్లో కూజాలో ఉన్నాయి. ఎవరైనా అడిగితే పూలనే చెబుతున్నాను, మేనకోడలు ఇంట్లో లేనప్పుడు.