సంతకం పెట్టమన్నప్పుడు

క్రీ.శ. 250లో రోము చక్రవర్తి డెసియస్ ఒక ఆజ్ఞ జారీ చేశాడు. అందరూ దేవతలకు బలి అర్పించి, అధికారుల సంతకంతో రుజువు పత్రం తీసుకోవాలి. అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. వాటన్నిటిదీ దాదాపు ఒకే వాచకం: ఎప్పుడూ దేవతలకు బలులిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుటే పానార్పణ పోసి బలి మాంసం రుచి చూశాను, ధ్రువీకరించండి. సింహాల కథలే మనకు ఎక్కువగా చెబుతారు గానీ, ఆనాటి క్రైస్తవుల్లో చాలామందికి పరీక్ష ఎదురైంది ఈ కాగితం దగ్గర. కొందరు బలి ఇచ్చేశారు. ఇంకొందరు బలి ఇవ్వకుండానే లంచం పెట్టి పత్రం కొనుక్కున్నారు.

బెంగళూరులోని తెలుగు క్రైస్తవ సంఘాలు ఈ సంగతి బాగా తెలుసుకోవాలి. కె.ఆర్. పురం, మారతహళ్లి, బొమ్మనహళ్లి వైపు అద్దె ఇంటి మేడమీదో రేకుల షెడ్డులోనో ఆదివారం కూడుకునే చిన్న సంఘాలకు మతం మారుస్తున్నారన్న గొడవ వస్తే, అది చివరికి తేలేది స్టేషన్లో, కన్నడంలో రాసిన ఒక వాంగ్మూలం దగ్గర. లిపి మనదానికి దగ్గరే కదా, కూడబలుక్కుని చదివేద్దాం అనుకుంటారు. పోలీసు చేతిరాతలో అది కుదరదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకూడదు, తెలుగులో చదివి వినిపించమని అడగాలి. అరెస్టే చేస్తే, కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్నది రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉంది.

గుంపు వచ్చిపడితే ముందు మైకు ఆపాలి. పిల్లల్ని లోపలి గదిలోకి పంపాలి. కన్నడం వచ్చిన ఒక్కరే మాట్లాడాలి, ఇంకొకరు 112కు ఫోన్ చేయాలి, మరొకరు ఒకేచోట నిలబడి వీడియో తీయాలి. మనవైపు నుంచి ఒక్క తోపులాట జరిగినా ఎదురు కేసుకు దారి దొరుకుతుంది. చట్టబద్ధంగా జరిగే ఆరాధనకు కావాలని భంగం కలిగిస్తే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు. స్టేషన్లో ఫిర్యాదు తీసుకోకపోతే డీసీపీకి రాతపూర్వకంగా పంపాలి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లాలి. కేసులెందుకు, ప్రార్థన చేసుకుందాం అనే పెద్దలు అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం మళ్లీ చదవాలి. ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి, గుట్టుగా వదిలేస్తామన్నప్పుడు పౌలు ఒప్పుకోలేదు. అధికారులే వచ్చి తమను బయటికి తీసుకెళ్లాలన్నాడు.

అలాగని దెబ్బల్ని వెతుక్కుంటూ వెళ్లడం విశ్వాసం కాదు. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన తొలినాటి బిషప్పు పాలికార్పు హతసాక్ష్య వృత్తాంతంలో క్వింటస్ అనే ఫ్రిజియా వాసి ఒకడు తనంతట తానే అధికారులకు పట్టుబడి, తీరా మృగాలను చూడగానే జడిసి బలి ఇచ్చేశాడు. తమంతట తాము అప్పగించుకునేవాళ్లను మేము మెచ్చుకోమని ఆ వృత్తాంతమే తేల్చేసింది.

ఇక మన తప్పులు. బలవంతంతోనో ప్రలోభంతోనో మతం మార్చడాన్ని నేరం చేస్తూ 2022లో అమల్లోకి వచ్చిన కర్ణాటక మత స్వేచ్ఛ చట్టాన్ని రద్దు చేయాలని 2023 జూన్‌లో మంత్రివర్గం నిర్ణయించింది. నిర్ణయంతోనే చట్టం పోదు, సభల్లో రద్దు బిల్లు నెగ్గాలి. పైగా ఆ చట్టం ఏది ప్రలోభం అంటుందో తెలిసుండాలి: కానుకలు, ఉద్యోగం, మత సంస్థ నడిపే బడిలో ఉచిత చదువు, దైవాగ్రహం పేరుతో భయపెట్టడం, ఒక మతాన్ని ఇంకో మతం ముందు తక్కువ చేసి చూపడం. మామూలు కేసుకు మూడు నుంచి ఐదేళ్లు, స్త్రీలు, మైనర్లు, దళితులు, ఆదివాసీల విషయంలో పదేళ్ల దాకా శిక్ష. నేరం చేయలేదని రుజువు చేసుకోవాల్సిన భారం నిందితుడి మీదే. ఇది అన్యాయమే. అయినా మాత్రలు మానేయండి, ప్రార్థనతో షుగరు పోతుందని చెప్పే పాస్టరు గారికి, పక్కింటి దేవుణ్ణి వెక్కిరిస్తూ వీడియోలు పెట్టే కుర్రాడికి వచ్చిన చిక్కును హింస ఖాతాలో వేయడం నిజాయితీ కాదు. పరులజోలికి పోయి బాధపడేవాణ్ణి పేతురు మొదటి పత్రిక హంతకుడు, దొంగల వరసలోనే నిలబెట్టింది. క్రిస్మస్‌కు బియ్యమో చీరలో పంచేటప్పుడు ఆరాధనకు రమ్మన్న షరతు ఉండకూడదు, రసీదు పుస్తకం ఉండాలి.

అన్నిటికన్నా నొప్పి పుట్టించేది కులపత్రం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు, సిక్కు, బౌద్ధుడు తప్ప మరొకరు ఎస్సీ కాలేరు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు. క్రైస్తవుడికి ఆ దారి లేదు, వెలివాడలో ఇల్లు మాత్రం అక్కడే ఉంది. ఆ పేరా తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. దీని మీదే 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. ఈలోగా ఊళ్లో హిందువుగా పత్రం, బెంగళూరులో బాప్తిస్మం అన్న రెండు బతుకులు నడుస్తున్నాయి. కొడుకు ఫీజు రీయింబర్స్‌మెంటు కోసం అలా చేసిన తల్లిని వేదిక మీంచి దుయ్యబట్టడం సులువు. నా దృష్టిలో ఆమె కాగితం అబద్ధమే. ఆ అబద్ధం ఆడించిన పేరా అంతకన్నా పెద్ద తప్పు. ఆ మాట పైకి అనే సంఘాలు తక్కువ.

డెసియస్ కాలంలో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్పు సిప్రియన్‌కూ ఇదే తలనొప్పి. ఆయన దాక్కునే ఉత్తరాలతో సంఘాన్ని నడిపాడు, పిరికివాడని తిట్టించుకున్నాడు, 258లో అదే కార్తేజ్‌లో తల నరికించుకున్నాడు. బలి ఇచ్చో పత్రం కొనో పడిపోయినవాళ్లను వెంటనే సంఘంలో చేర్చుకోమని ఒక పక్షం, ఎప్పటికీ వద్దని ఇంకో పక్షం పట్టుబట్టాయి. 251లో అక్కడి బిషప్పుల సభ రెండూ కాదంది. పత్రం కొన్నవాళ్లను ఒక్కొక్కరినీ విడిగా విచారించి చేర్చుకోవచ్చంది. నిజంగా బలి ఇచ్చినవాళ్లకు దీర్ఘ పశ్చాత్తాపం విధించింది. ఇక ప్రార్థనకు రాను అని స్టేషన్లో రాసిచ్చి వచ్చిన తమ్ముడి పేరు సంఘం రిజిస్టరులో కొట్టేసే ముందు, ఓనరు ఇల్లు ఖాళీ చేయించాడా, మేస్త్రీ పనిలోంచి తీసేశాడా అని పెద్దలు వాళ్లింటికెళ్లి కనుక్కోవాలి. ప్రభువు బల్లకు ఎన్నాళ్లు దూరంగా ఉంచాలన్నది ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు.