శ్రీ ఎస్‌ఎస్‌డి గారి దివ్యసముఖమునకు

కంప్యూటర్‌లో ఫైళ్ళన్నీ చిప్పుల్లో దాచుకునే 240 జీబీ ఎస్‌ఎస్‌డి గారికి,

పర్లాకిమిడిలో జిరాక్సు, నెట్ సెంటరు నడుపుకొనే నేను నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. తమరిని పాత కంప్యూటర్ నుంచి విప్పేశాను. ఆ కంప్యూటర్‌ను కొనడానికి పాతపట్నం నుంచి ఒక కుర్రాడు వస్తున్నాడు. తమరితో సహా కావాలట. తమరు వెళ్ళవలసివస్తే ఖాళీ కడుపుతో వెళ్ళాలని నా మనవి.

ఆ కడుపులో ఏముందో నాకంటే తమరికే బాగా తెలుసు. ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాసుపుస్తకాల మొదటి పేజీలు. ఒడియాలో ఉన్న పట్టాలు, తెలుగులో ఉన్న వీలునామాలు, మూడు లిపుల్లో వేసిన పెళ్ళి కార్డులు, కుదరక వెనక్కి వెళ్ళిన సంబంధాల జాతకాలు. ఇటు ఒడిశా రేషన్ కార్డు మీద, అటు ఆంధ్రా రేషన్ కార్డు మీద ఒకే ముఖం ప్రశాంతంగా చూస్తున్న స్కాన్లు కూడా తమరి దగ్గర ఉన్నాయి. సరిహద్దులో ఇలాంటి విషయాలు పైకి మాట్లాడుకోరు. ఇన్నాళ్ళూ తమరూ మాట్లాడలేదు. కొత్త యజమాని అడిగితే మాట్లాడరని నమ్మకమేమిటి?

తమరి వినయం చూసే ఊరంతా మోసపోతోంది. డిలీట్ అంటే చిత్తం. రీసైకిల్ బిన్ ఖాళీ చేయమంటే చిత్తం. క్విక్ ఫార్మాట్ అంటే టీ చల్లారేలోపే పూర్తయిందని విన్నవించుకుంటారు. వందల జీబీల సరుకు అంత తొందరగా ఎక్కడికి పోయిందని అడిగినవాడు లేడు. నిజానికి ఎక్కడికీ పోలేదు. ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టికలో వరుస కొట్టేశారు, అంతే.

ఈ విద్య మా ఊరికి కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడిని మద్రాసు రికార్డుల్లోంచి తీసి ఒడిశా రికార్డుల్లో రాశారు. 1992లో గంజాం జిల్లా కింద కొట్టేసి గజపతి జిల్లా అన్నారు. దస్తావేజులో గీత పడినంత మాత్రాన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో తెలుగు ఆగలేదు. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు మాత్రం కాగితం చూసి, ఇక్కడ తెలుగువాళ్ళున్నారా అని ఆశ్చర్యపోతుంటారు. డిలీట్ చేసిన మరుక్షణం కంప్యూటర్ తమరిని చూసేదీ ఆ ఆఫీసర్ల కళ్ళతోనే.

తమరికంటే ముందున్న హార్డ్ డిస్కు మొరటుదే గానీ నిజాయితీ ఉండేది. పాతదాని మీద కొత్తది రాస్తే పాతది పోయేది. ఆనాటి డిస్కుల కోసం 1996లో పీటర్ గుట్‌మన్ 35 సార్లు తిరగరాసే పద్ధతి చెబితే, మా రిపేరు నిపుణులు ఇప్పటికీ దాన్ని మంత్రంలా జపిస్తారు. తమరి దగ్గర ఆ మంత్రం పారదు. రాసిన పేజీ మీద, అంటే చిప్పులోని చిన్న గడి మీద, మళ్ళీ రాయడం తమరికి చేతకాదు. పేజీలు గుంపుగా ఉన్న బ్లాకు మొత్తాన్ని ఒకేసారి చెరపాలి. అందుకని, దాని మీదే రాయమంటే సరేనని, కొత్తదాన్ని ఇంకో చోట రాసి, పాతదాన్ని మూల గదిలోకి తోసేస్తారు. తీరిక దొరికినప్పుడు ఊడుస్తారు. ఫలానా చోటు ఇక అక్కరలేదని విండోస్ ట్రిమ్ అనే ఆదేశం ద్వారా కబురు పంపినా, ఊడ్చే ముహూర్తం తమరిదే. పైగా చీటీ మీద 240 అని రాసుకుని లోపల అంతకంటే ఎక్కువ చోటు ఉంచుకుంటారు. అరిగిన బ్లాకుల బదులు వాడుకోవడానికట. ఆ బినామీ చోటు కంప్యూటర్‌కు కనబడదు.

ఇది నా కోపం కొద్దీ అంటున్న మాట కాదు. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు తమరి జాతివారి చిప్పులను నేరుగా చదివి చూశారు. ఒక్కొక్క ఫైలును తిరగరాసి చెరిపే పద్ధతులన్నీ ఎంతో కొంత మిగిల్చాయి: కొన్ని 4 శాతం, కొన్ని 75 శాతం. ఒక మహానుభావుడైతే తనను తాను పూర్తిగా చెరుపుకున్నానని నివేదిక ఇచ్చి, మొత్తం సమాచారాన్ని చెక్కు చెదరకుండా ఉంచుకున్నాడు. మా దగ్గర కాగితం మీద తవ్విన చెరువులు గుర్తొచ్చి ఆయనకు మనసులో దండం పెట్టాను.

విషయం తెలిసి బజారు సలహాలతో ముందుకొచ్చింది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతంతో రుద్దమన్నారొకరు. తమరిలో అయస్కాంతానికి లొంగేది ఏముంది, ఉన్నది విద్యుదావేశం. డ్రిల్లుతో ఒక చిల్లు చాలన్నారొకరు. తమరి రెండున్నర అంగుళాల డబ్బాలో చాలావరకు గాలే, చిన్న బోర్డు ఒక మూలకుంటుంది. చిల్లు గాలికి పడుతుంది, చిప్పులు క్షేమం. అటక మీద పడేస్తే కొన్నేళ్ళకు అదే పోతుందన్నవారు కూడా ఉన్నారు. మా అటక మీద పడేసినది ఏదీ ఇంతవరకు పోలేదు.

కాబట్టి తమరి చేతనే చేయించాలి. తమరిని కంప్యూటర్‌కు కలిపే సాటా కేబులుకే తగిలించి, తాత్కాలికంగా ఒక పాస్‌వర్డు పెట్టి, తనను తాను మొత్తం చెరుపుకోమనే సెక్యూర్ ఎరేజ్ ఆదేశం ఇస్తాను. కనబడని బ్లాకులతో సహా ఖాళీ చేయవలసిన బాధ్యత అప్పుడు తమరిది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు దాన్ని నడిపించే బయోస్ అనే ప్రోగ్రాము తమరికి గడియ పెట్టి ఉంటే ఆదేశం పనిచేయదు. కంప్యూటర్‌ను నిద్రపుచ్చి లేపితే ఆ గడియ చాలాసార్లు ఊడుతుంది. ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం ఎస్‌ఎస్‌డిలైన మీ తమ్ముళ్ళకు శానిటైజ్ అనే వేరే ఆదేశం ఉంది.

అంతా అయ్యాక మళ్ళీ చదివితే సున్నాలే కనిపిస్తాయి. కానీ ఆ సున్నాలూ తమరి నోటి మాటే కదా! నా ఒక్కడి ఫైళ్ళే అయితే నమ్మి పంపేవాడిని. ఊరి ఆధార్ కార్డులు పెట్టుకుని పంపలేను. అందుకని పాతపట్నం కుర్రాడికి ధర కొంత తగ్గించి కంప్యూటర్ ఒక్కటే ఇస్తాను.

తమరి స్థానంలోకి వచ్చినవారికి మొదటి రోజే, ఒక్క స్కాను కూడా ఎక్కకముందే, ఫైళ్ళను రహస్య లిపిలోకి మార్చే విండోస్ వారి బిట్‌లాకర్ తాళం వేశాను. ఆ తాళం తెరిచే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసి ఇంట్లో పెట్టాను. ఆయన్ను పంపేసే రోజున ఎరేజ్ ఆదేశం ఇచ్చి, ఆ కాగితాన్ని కాల్చేస్తాను. లోపల ఏదన్నా మిగిలినా అర్థంలేని గీతలే. తాళం తనే వేసుకుంటానని ఆయనా అన్నాడు. వినలేదు. అలా అన్న కొన్ని ఎస్‌ఎస్‌డిలు పాస్‌వర్డు లేకుండానే తెరుచుకుంటాయని 2018లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు.

తమరి డబ్బా మూత తీసి చూశాను. చిప్పులు నాలుగే. సుత్తి ఎక్కడ పడాలో లెక్క తేలింది. ముక్కలను ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగిస్తాను. అందుకు 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు ఉన్నాయి. మాకు అది ఉత్కళ దివస్ సెలవు గనుక ఆ రోజు ఎవరూ విన్నట్టు లేరు.

ఇట్లు,
తమరి పాత యజమాని

తా.క.: డబ్బాను మాత్రం ఉంచుకుంటున్నాను. స్టేప్లర్ పిన్నులకు సరిపోతుంది.