గుద్దించుకున్నవారి బాధ్యతలు

వెనకనుంచి ఎవరైనా వచ్చి మన కారును గుద్దితే చాలు, మనలో చాలామందికి ఒక దురభిప్రాయం కలుగుతుంది. తప్పు అతనిది, అతనికి ఇన్సూరెన్స్ ఉంది, కాబట్టి రిపేరు ఖర్చు ఆ కంపెనీ ఇచ్చేస్తుంది అని. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే మాట్లాడుతుంటే జాలేస్తుంది. గుద్దడం ఒక్క క్షణంలో అయిపోయే పని. దానికి ప్రత్యేకమైన అర్హత కూడా ఏమీ అక్కర్లేదు, ఫోన్ వైపు ఒకసారి చూస్తే సరిపోతుంది. గుద్దించుకోవడం అలా కాదు. అది నెలల తరబడి ఓపికగా, క్రమశిక్షణతో, ఫైళ్లు పట్టుకుని చేయాల్సిన వృత్తి. ఇంత బరువైన పనిని ఏ శిక్షణా లేనివాళ్లకు అప్పగిస్తున్నారన్నదే నా బాధ.

ముందుగా మీ స్థానం ఏమిటో మీరు తెలుసుకోవాలి. పాలసీ అనేది ఇద్దరి మధ్య ఒప్పందం. ప్రీమియం కట్టినవాడు ఒకడు, పుచ్చుకున్న కంపెనీ ఒకటి. మీరు అందులో సంతకం పెట్టలేదు, పైసా కట్టలేదు. మీ పేరు వాళ్ల పుస్తకాల్లోకి ఎక్కింది కేవలం వాళ్ల కస్టమర్‌కు దారిలో అడ్డం వచ్చారు కాబట్టి. వచ్చే ఏడాది పాలసీ రెన్యూ చేసుకోవాల్సింది అతను, మీరు కాదు. మీరు అలిగి వేరే కంపెనీకి పోతానని బెదిరిస్తే వాళ్లు సంతోషంగా అడ్రసు చెబుతారు. ఏ వ్యాపారంలోనైనా కోపగించుకునే హక్కు కస్టమర్‌ది. మీది నిరీక్షించే హక్కు.

అసలు ఈ సదుపాయమైనా మొన్నమొన్న వచ్చింది. ఎదుటివాడికి జరిగే నష్టానికి ఇన్సూరెన్స్ లేకుండా బండి రోడ్డెక్కకూడదని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1927 నుంచి పట్టుబట్టింది, బ్రిటన్ 1930లో చట్టం చేసింది. ఆ బ్రిటన్ చట్టం కూడా మనుషులకు తగిలే దెబ్బలకే. మీ బండికి పడ్డ సొట్టకు ఇన్సూరెన్స్ తప్పనిసరి అని అక్కడివాళ్లకు అనిపించడానికి 1980ల చివరిదాకా పట్టింది. అరవై ఏళ్లు బంపర్లు ఓపిక పట్టాయి. మీరు ఆరు వారాలు పట్టలేరా?

అంతకు ముందు రోజులు ఇంకా బాగుండేవి. 1809లో ఇంగ్లండ్‌లో ఒక కేసు నడిచింది. ఫారెస్టర్ అనే ఆయన ఇల్లు బాగుచేయించుకుంటూ రోడ్డుకు అడ్డంగా ఒక దుంగ పెట్టాడు. చీకటి పడే వేళ బటర్‌ఫీల్డ్ అనే ఆయన గుర్రం మీద జోరుగా వచ్చి దాన్ని గుద్దుకుని కిందపడ్డాడు. దుంగ పెట్టినవాడికి ఏమీ కాలేదు. మెల్లగా వచ్చి ఉంటే కనిపించేది కదా అని కోర్టు పడ్డవాడినే ఉత్తచేతులతో ఇంటికి పంపింది. మీ వల్ల రవ్వంత అజాగ్రత్త జరిగినా మీకు రావాల్సింది సున్నా అనే మహత్తర సూత్రం అలా స్థిరపడింది. బ్రిటన్ 1945లో దీన్ని వదులుకుని, ఎవరి తప్పు ఎంత శాతమో లెక్కగట్టి పంచే పద్ధతికి దిగజారింది. అమెరికాలో అలబామా, మేరీలాండ్, నార్త్ కరోలినా, వర్జీనియా మాత్రం సంప్రదాయాన్ని ఇప్పటికీ కాపాడుకుంటూ వస్తున్నాయి. మధ్యలో 1842లో ఒక చిన్న అపశ్రుతి. ముందుకాళ్లు కట్టేసి రోడ్డు మీద వదిలిన ఒక గాడిదను బండి తొక్కి చంపితే, జాగ్రత్తగా తోలి ఉంటే తప్పించగలిగేవాడివే కదా అని కోర్టు గాడిద యజమానికి పరిహారం ఇప్పించింది. క్లెయిము వేసేవాళ్లంతా ఆ గాడిదను తలుచుకుని ధైర్యం తెచ్చుకోవచ్చు. కాకపోతే దానికి ఫోన్‌లో స్టేట్‌మెంట్ ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

మీకు వస్తుంది. కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది, చాలా మర్యాదగా. కాల్ రికార్డు అవుతుందని కూడా చెబుతారు, దాపరికం లేదు.

"సార్, ముందు మీరు ఎలా ఉన్నారో చెప్పండి."

"బాగానే ఉన్నానండీ."

అయిపోయింది. పెంపకం మంచిదవడం వల్ల మీ నోటివెంట వచ్చిన ఆ రెండు మాటలు ఫైల్లోకి చేరాయి. కుదుపుకు పట్టేసిన మెడ ఒక్కోసారి మర్నాడో ఆ మర్నాడో గాని నొప్పి చూపించదు. అప్పటికి ఆలస్యమైంది, మెడ కంటే మీరే ముందు స్టేట్‌మెంట్ ఇచ్చారు.

"మీరు ఎంత స్పీడులో ఉన్నారు సార్?"

"స్పీడేమీ లేదండీ, ఆగి ఉన్నాను. రెడ్ సిగ్నల్ పడింది."

"సరే సార్. ఆగకముందు?"

"ఆగకముందు... మామూలుగా వస్తున్నాను."

"మామూలుగా అంటే ఎంత రాసుకోమంటారు? బ్రేకు ఒక్కసారిగా వేశారా, నెమ్మదిగా వేశారా?"

మీరు ఆలోచించుకునే ఆ రెండు క్షణాల మౌనం కూడా రికార్డవుతుంది. ఒక్కసారిగా అంటే వెనకవాడికి టైము ఇవ్వలేదని. నెమ్మదిగా అంటే ఆగుతారో లేదో తేల్చకుండా అతన్ని అయోమయంలో పెట్టారని. గుర్తులేదంటే మీకు రోడ్డు మీద ధ్యాసే లేదని. నిలబడి ఉన్న కారుకు కూడా ఇరవై శాతం తప్పు అంటగట్టాలంటే మాటలా? దాని వెనక ఎంతో సాధన ఉంటుంది. మెచ్చుకోవడం నేర్చుకోండి.

ఇక్కడ మీరొక మాట అడుగుతారు, నాకు తెలుసు. "గుద్దినాయన అక్కడే దిగి, తప్పు నాదేనండీ, క్షమించండి అన్నాడే!" అన్నాడు. ఇంటికెళ్లి పాలసీ తీసి చదువుకున్నాడు కూడా. కంపెనీ అనుమతి లేకుండా ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోరాదని చాలా పాలసీల్లో ఒక షరతు ఉంటుంది. రోడ్డు మీద నిజాయితీగా చేతులు జోడించిన మనిషి, ఆ షరతు చదివాక మీ ఫోన్ ఎత్తడు. అతను ఒప్పుకున్నా కంపెనీ ఒప్పుకోవాలని ఎక్కడుంది? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పెద్దలు ఊరికే అన్నారా. అందుకే అక్కడికక్కడే నంబరు ప్లేటు, పాలసీ కాగితం, రెండు బండ్లూ ఒకే ఫ్రేములో పడే ఫొటోలు, చూసినవాళ్ల ఫోన్ నంబర్లు, పోలీసుల రిపోర్టు సంపాదించుకోవాలని తెలిసినవాళ్లు చెబుతారు. గుండె దడదడలాడుతూ, ట్రాఫిక్ హారన్లు కొడుతుంటే, అద్దం పెంకుల మధ్య నిలబడి ఇవన్నీ చేయలేకపోతే గుద్దించుకునే స్థాయికి మీరింకా ఎదగలేదన్నమాట.

తరువాత నష్టం ఎంతో అంచనా వేయడానికి కంపెనీ తరఫున సర్వేయర్ వస్తాడు. వంగి, సొట్ట మీద బొటనవేలు ఆనించి, చుట్టూ మెల్లగా ఒకసారి తిప్పుతాడు. గోటితో గీత వెంట గీకి చూస్తాడు. గీత లోపల దుమ్ము పేరుకుందా, ఇనుము బయటపడ్డ చోట తుప్పు పట్టిందా అని చూస్తాడు. పట్టి ఉంటే అది పాత దెబ్బ, మీ ఖాతా. టేపు పెట్టి నేల నుంచి సొట్ట ఎత్తు కొలుస్తాడు, అవతలి బండి బంపర్ ఎత్తుతో సరిపోవాలి కదా. మీ తెల్ల బంపర్ మీద అవతలి కారు ఎర్ర రంగు అంటుకుని ఉంటే మీ అంత అదృష్టవంతుడు లేడు. ఆ రంగే మీ సాక్షి. ఆదివారం పూట శుభ్రత మీద ప్రేమతో కారు కడిగేశారా, సాక్షిని మీ చేత్తో మీరే తుడిచేశారు.

నిజానికి ఆయన చూసే విషయాల్లో అర్థంలేనిది ఏమీ లేదు. పాత సొట్టలన్నీ కొత్త యాక్సిడెంటు ఖాతాలో రాయించుకునే మహానుభావులు మనలో తక్కువేం కాదు. వాళ్ల పుణ్యమా అని మిగతావాళ్లంతా అనుమానితులయ్యారు. తేడా ఏమిటంటే, అనుమానం తీరేదాకా పోయే రోజులన్నీ మీ ఖాతాలోవి. కంపెనీ డబ్బు ఈలోపు కంపెనీ దగ్గరే క్షేమంగా ఉంటుంది.

ఈలోపు కారు షెడ్డులో ఉంటుంది. సర్వేయర్ చూసేదాకా బోల్టు కూడా ముట్టుకోకూడదు, సాక్ష్యం చెడిపోతుంది. కాని నష్టం పెరగకుండా చూసుకోవాల్సిన బాధ్యత కూడా చట్టప్రకారం మీదే. షెడ్డువాడు రోజువారీ అద్దె వేస్తే, కారు అన్నాళ్లు అక్కడెందుకు ఉంచారని కంపెనీ అడుగుతుంది. ముట్టుకోకుండా, ఉంచకుండా, ఎవరూ చూడకముందే బాగుచేయించకుండా, అలాగని పాడవనివ్వకుండా చూసుకోవాలి. యోగసాధన చేసేవారికి ఇది అందుతుందని విన్నాను.

పోనీ అన్నాళ్లు అద్దె కారులో తిరుగుతానంటారా? తిరగండి. మీకు నిజంగా కారు అవసరమైందా, మీ బండి స్థాయిదే తీసుకున్నారా అని మాత్రం అడుగుతారు. బ్రిటన్‌లో ఈ శాస్త్రం బాగా ముదిరింది. చేతిలో డబ్బులేక, తరువాత కట్టే ఒప్పందం మీద ఎక్కువ అద్దెకు కారు తీసుకున్నవాడు ఆ ఎక్కువ మొత్తాన్ని కూడా రాబట్టుకోవచ్చని 2003లో అక్కడి అత్యున్నత స్థాయిలో తీర్పు వచ్చింది. దాంతో కారు గుద్దించుకున్నవాడు బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందుపెట్టి తన పేదరికాన్ని నిరూపించుకోవాల్సిన పరిస్థితి ఏర్పడింది. గుద్దినవాడి ఆస్తిపాస్తుల గురించి ఎవరూ అడగరు. అది అసభ్యంగా ఉంటుంది.

ఇక డబ్బు దగ్గరికి వద్దాం. యాక్సిడెంటు వల్ల ఎవరూ లాభపడకూడదన్నది ఇన్సూరెన్స్ మూలసూత్రం. కాబట్టి మీ టైరు సగం అరిగి ఉంటే, కొత్త టైరుకు సగం ధరే ఇస్తామంటారు. సగం అరిగిన టైరు కొనుక్కుని పాత స్థితికి చేరే స్వేచ్ఛ మీకుంది. రిపేరు ఖర్చు కారు విలువ దాకా వస్తే టోటల్ లాస్ అంటారు, అంటే రిపేరు మాట వదిలేసి కారు విలువే లెక్కగడతారు. ఆ విలువ మార్కెట్ ధర, అంటే మీ కారును ఎన్నడూ నడపని ఒకాయన కంప్యూటర్‌లో అలాంటివే నాలుగు కార్లు చూసి తేల్చిన ధర. బ్యాంకుకు మీరింకా కట్టాల్సిన అప్పు అంతకంటే ఎక్కువుంటే అది మీకూ బ్యాంకుకూ మధ్య ప్రేమవ్యవహారం. కారు బాగై వచ్చినా, యాక్సిడెంటైన బండి అని తెలిస్తే అమ్మేటప్పుడు తక్కువే పలుకుతుంది. ఆ తరుగుదల కూడా ఇవ్వండని అడగడానికి కొన్నిచోట్ల చట్టం ఒప్పుకుంటుంది. అడగకుండా ఇచ్చినవాళ్ల గురించి మాత్రం నేనెక్కడా వినలేదు.

ఇదంతా పడలేక కొందరు పిరికివాళ్లు దగ్గరి దారి పడతారు. సొంత కారు నష్టానికి కూడా వర్తించే పూర్తి పాలసీ తమకు ఉంటే తమ కంపెనీ దగ్గరే క్లెయిము వేసుకుని, కారు బాగుచేయించుకుని వెళ్లిపోతారు. మొదట తమ వాటా కింద కొంత కడతారు, క్లెయిము వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అదే నో క్లెయిమ్ బోనస్, కొన్నాళ్లు పోవచ్చు, ఆ తరువాత వీళ్ల స్థానంలో వీళ్ల కంపెనీ నిలబడి అవతలి కంపెనీ మీద వసూలుకు వెళుతుంది. విచిత్రమేమిటంటే అప్పుడు పని నడుస్తుంది. మీరు రాస్తే అందని ఉత్తరం ఒక కంపెనీ రాస్తే ఇంకో కంపెనీకి అందుతుంది. కొన్నిచోట్ల కంపెనీలు ఎవరి కస్టమర్‌కు వాళ్లే ఇచ్చుకుందామని తమలో తాము మాట్లాడేసుకుంటాయి, ఎవరు గుద్దారన్న చర్చే ఉండదు. తప్పు ఎవరిదన్న ప్రశ్న మీ ఫైల్లో అంత పవిత్రమైంది, వాళ్లిద్దరి మధ్యకు వచ్చేసరికి టీ టైములో తేలిపోయింది. పెద్దవాళ్ల వ్యవహారాలు మనకెందుకు.

దగ్గరి దారి నచ్చని నిఖార్సైన బాధితుడికి చివరికి ఒక కాగితం వస్తుంది, పూర్తి మరియు తుది పరిష్కారం అని. చెక్కు మొత్తం అంకెల్లో చిన్నగా, మీరు వదులుకుంటున్నవి అక్షరాల్లో పెద్దగా ఉంటాయి. ఇప్పుడు తెలిసినవి, ఇకముందు తెలియబోయేవి అన్నీ. సంతకం పెడితే రేపు మెడనొప్పి తిరగబెట్టినా, ఛాసిస్ వంగిందని మెకానిక్ ఆలస్యంగా కనిపెట్టినా మాట్లాడేందుకు ఉండదు. అందుకే డాక్టరు, మెకానిక్ ఇద్దరూ ఇక ఏమీ లేదని చెప్పేదాకా పెన్ను తీయొద్దని లాయర్లు అంటారు. నెలల తరబడి ఆఫీసుకు ఆటోలో వెళ్లినవాడికి ఆ సలహా ఎక్కదు. పెట్టేస్తాడు.

ఆ సాయంత్రమే కంపెనీ నుంచి ఒక మెసేజ్ వెళుతుంది. మీ క్లెయిము విజయవంతంగా ముగిసింది, మా సేవల పట్ల మీరు ఎంత సంతృప్తి చెందారో దయచేసి తెలపండి అని. వెళ్లేది వాళ్ల కస్టమర్‌కు. ఆయన ఇంట్లో సోఫాలో కూర్చుని, ఏ క్లెయిమో ఒక్క క్షణం గుర్తురాక, ఐదు స్టార్లూ నొక్కుతాడు.