మదర్‌బోర్డుతో పాటే పోయిన లైసెన్సు
ర్యామ్ పెంచాను, విండోస్ ఏమీ అనలేదు. హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టాను, అప్పుడూ ఊరుకుంది. మొన్న మదర్‌బోర్డు మార్చేసరికి స్క్రీన్ కింద కుడి మూలన "యాక్టివేట్ చేయండి" అంటూ బూడిదరంగు అక్షరాలు! కంప్యూటర్‌తో వచ్చిన ఓఈఎం లైసెన్సు, అంటే తయారీదారు ముందే వేసిచ్చిన విండోస్ లైసెన్సు, పాత బోర్డుకే ముడిపడి ఉంటుందట. యాక్టివేట్ చేయడానికి కావాల్సిన 25 అక్షరాల కీ కోసం కేబినెట్ వెనక టార్చి వేసి మరీ వెతికాను. స్టిక్కర్ మీద బొమ్మ తప్ప ఏమీ లేదు. కీ ఆ పాత బోర్డు చిప్‌లోనే ఉంది. బోర్డు పాడైందని తయారీదారు అలాంటిదే వేసిస్తే లైసెన్సు చెల్లుతుంది, మన డబ్బుతో మెరుగైనది వేసుకుంటే మాత్రం చెల్లదు! ఇదెక్కడి న్యాయం? కొన్నప్పుడు దాని ఖరీదు కూడా కలిపే కదా తీసుకున్నారు? బోర్డుతో పాటే పోతుందని ఆ రోజు ఒక్క ముక్క చెప్పొచ్చుగా! పాత బోర్డు అట్టపెట్టెలో ఉంది, పారేయడానికి చేతులు రావడం లేదు.