ఇంకా పుట్టని మడతకత్తికి ఉప్పుగాలి ఊరి నుంచి ఉత్తరం

విశాఖపట్నం,
సముద్రానికి దగ్గర, తుప్పుకి ఇంకా దగ్గర.

చి.ల.సౌ. పెద్ద మడతకత్తిని ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వెక్కడున్నావో, అసలు పుట్టావో లేదో తెలియదు కాబట్టి అక్కడి క్షేమం అడగడం లేదు. మేమంతా అంటే మనుషులం. ఇనుప సామాన్ల సంగతి వేరు. పోయిన సంక్రాంతికి రంగు వేయించిన గేటు అప్పుడే పొక్కులు లేచింది. బాల్కనీ గ్రిల్లు కింది కడ్డీని వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడొస్తోంది. ఏసీ బయటి పెట్టెని మోస్తున్న స్టాండు కింద నిలబడి ఫోన్ మాట్లాడే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఉప్పు చేతికివ్వకూడదు, గొడవలొస్తాయి అని మా అమ్మమ్మ అనేది. మా సముద్రానికి అలాంటి పట్టింపులేం లేవు. లాసన్స్ బే నుంచి ఎంవీపీ కాలనీ దాకా ఇల్లిల్లూ తిరిగి, అడిగినా అడక్కపోయినా చేతిలో పెట్టి పోతుంది.

ఇలాంటి ఊళ్లో కూర్చుని నిన్ను కోరుకుంటున్నాను. పెద్దదానివై ఉండాలి. మడత పడాలి. తుప్పు పట్టకూడదు. ఇంతే. ఈ మూడూ చెప్పగానే కత్తులమ్మే షాపులో ఆయన నావైపు చూసిన చూపు, అందగత్తె కావాలి, పెద్ద ఉద్యోగం కావాలి, అత్తగారికి ఎదురు చెప్పకూడదు అనే పెళ్లికొడుకు తల్లిని పెళ్లిళ్ల పేరయ్య చూసే చూపు. రెండు దొరుకుతాయట. మూడోది వదులుకోవాలట. ఏది వదులుకోవాలో కూడా ఆయనే చెప్పాడు: పెద్దది ఎందుకండీ?

ఎందుకో తర్వాత చెబుతాను. ముందు నీ పుట్టుకకి అడ్డమేమిటో చూద్దాం, ఎందుకంటే ఇందులో నీ తప్పేమీ లేదు. గొడవంతా కార్బన్‌తోనే. ఉక్కు తుప్పు పట్టకుండా ఉండాలంటే అందులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉండాలి. అది పైన కంటికి కనపడని పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ పోత పోసిన ఉక్కు ఈ కోవలోదే. మన ఇళ్లలో స్టీలు గిన్నెలు ఇత్తడిని అటకెక్కించాయంటే ఆ పొర చలవే. అయితే గిన్నె పని వేరు, కత్తి పని వేరు. పదును నిలవాలంటే ఉక్కు గట్టిగా ఉండాలి, గట్టిదనానికి కార్బన్ కావాలి. ఆ కార్బనేమో వచ్చీ రాగానే క్రోమియాన్ని తన పక్షం లాక్కుని కార్బైడ్లనే గట్టి రేణువులుగా స్థిరపడిపోతుంది. పొర కట్టడానికి మిగిలేది తక్కువ. 440సీ అనే ఉక్కులో 17 శాతం దాకా క్రోమియం, ఒక శాతం దాకా కార్బన్ ఉంటాయి. కాగితం మీద చదివితే సముద్రంలో పడేసి మర్చిపోవచ్చనిపిస్తుంది. బీచ్ రోడ్డులో చెమట జేబులో పెట్టుకుని నాలుగు సాయంత్రాలు తిరిగితే తెలుస్తుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరని సూది మొనంత మేర పొడుస్తుంది, అక్కడి నుంచి లోపలికి గుంట తవ్వుకుంటూ పోతుంది.

పోనీ గిన్నెల ఉక్కుతోనే కత్తి చెయ్యొచ్చుగా అంటావేమో. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న ఆ 304 ఉక్కుని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచినా గట్టిపడదు. దానికీ దోసకాయకీ పోటీ పెడితే నేను దోసకాయ మీదే పందెం కాస్తాను.

కార్బన్ ఎక్కువ భాగం తీసేసి ఆ పని నైట్రోజన్‌తో చేయించుకోవచ్చని కనిపెట్టినవాళ్లకి మాత్రం ఈ ఊరి తరఫున దండం పెట్టాలి. జపాన్‌లో వచ్చిన హెచ్1 అనే ఉక్కులోనూ కార్బన్ బాగా తక్కువ. అమెరికాలోని స్పైడర్కో కంపెనీ దానితో చేసిన చాకులకి ‘సాల్ట్’ అనే పేరు పెట్టింది. ఉప్పు పేరు పెట్టి మరీ సవాలు చెయ్యడం! విమానాల బేరింగుల కోసం పుట్టిన ఎల్‌సీ200ఎన్ ఉక్కు కూడా ఇప్పుడు చాకుల్లోకి దిగింది. స్వీడన్‌వాళ్ల వానాక్స్ ఉండనే ఉంది. 2021లో వచ్చిన మాగ్నాకట్ మరీ చిత్రం. అందులో క్రోమియం 10.7 శాతమే. కానీ లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త క్రోమియం కార్బైడ్లు ఏర్పడకుండా లెక్కలు కట్టాడు. ఉన్న కాస్త క్రోమియమూ దాదాపుగా పొర కట్టే పనిలోనే ఉంటుంది. ఆఫీసులో ఉన్న కొద్దిమందీ నిజంగానే పనిచేస్తే ఎలా ఉంటుందో చూపించాడన్నమాట.

చదివినప్పుడు నీ జాతకం కుదిరిపోయిందనే అనుకున్నాను. తీరా చూస్తే ఉప్పుకి లొంగని మడతకత్తులు నాకు కనపడినంతలో నాలుగంగుళాలకి కాస్త అటూ ఇటూగా ఆగిపోతున్నాయి. నాకు కావలసింది ఐదంగుళాల బ్లేడు. ఐదు దాటిన మడతకత్తులు చేసేవాళ్లు సముద్రం ముఖం చూసినట్టు లేరు. నల్లటి కోటింగు వేసి, ఇక తుప్పు రాదంటారు. కోటింగు బ్లేడు పక్కలకే కదా నాయనా, సాన పట్టిన అంచుకి ఉండదు. తుప్పు సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

ఫ్రాన్స్‌లో ఒపినెల్ అనే పాత రకం ఉంది. 1890లో మొదలైంది, సైజుకో నంబరు. పన్నెండో నంబరు బ్లేడు 12 సెంటీమీటర్లు, స్టెయిన్‌లెస్‌లోనూ దొరుకుతుంది. ఐదంగుళాలకి అంగుళంలో పావు వంతు తక్కువ, సర్దుకుందును. కాని పిడి కర్రది. ఆగస్టులో మా ఇంటి తలుపులే ఉబ్బి చౌకట్లో ఇరుక్కుపోతాయి. తలుపునైతే భుజంతో తోస్తాం, కత్తిని తోస్తామా?

అసలు కష్టం నీ మడతలోనే ఉంది తల్లీ. బ్లేడుదేముంది, కడిగి తుడిస్తే సరిపోతుంది. మడత లోపల ఇరుసు ఉంది, దాని పక్కన పల్చటి బిళ్లలు, బిళ్లల వెనక లాకు పట్టే బద్ద, బద్దకి మరలు. వీటిలో ఏదీ బ్లేడంత ఖరీదైన ఉక్కుతో చెయ్యరు. ఇప్పుడు నా బల్ల మీదున్న చాకునే చూడు (పేరు చెప్పను, కంపెనీ బతికే ఉంది). బ్లేడు అద్దంలా మెరుస్తోంది. తెరిస్తే మాత్రం కిర్రుమని మూలుగుతుంది. ఇరుసు మరలో స్క్రూడ్రైవరు ఆనాల్సిన గాడిలో గోధుమరంగు ముద్ద పేరుకుంది. పిన్నీసుతో గీకితే ఇసుకరేణువు ఒకటి, మిగతాదంతా తుప్పు. జేబుకి తగిలించుకునే క్లిప్పు అయితే నా లేత రంగు ప్యాంట్లన్నిటి మీదా ఒకే చోట, ఒకే కొలతలో ముద్ర వేసింది. ఇస్త్రీ అబ్బాయి ఆ ముద్ర చూసే మా ఇంటి బట్టలు విడదీస్తున్నాడు. నిమ్మరసం, ఉప్పు కలిపి రుద్దితే మరక పోతుందని మా ఆవిడ చెప్పింది. మళ్లీ ఉప్పే!

ఊళ్లోనే ఉక్కు ఫ్యాక్టరీ పెట్టుకుని కత్తి కోసం దేశాలు వెతకడమేమిటని నువ్వు నవ్వచ్చు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశారు. బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. అక్కడ తయారయ్యేవి ఇళ్లకి కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు. నీ జాతి ఉక్కు అక్కడ పొయ్యరు. తప్పు పట్టను. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నారు గాని, జామకాయ కోసుకునే చాకు కూడా హక్కే అని ఎవరూ అనలేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డెక్కిన కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి రిటైరైంది. అంత ఉక్కుకే రంగులూ రిపేర్లూ తప్పవు. నా చాకు గురించి ఎవరికి అర్జీ పెట్టుకోను?

ఫిషింగ్ హార్బరులో ఒకావిడకి పెట్టుకున్నాను. వంజరం ముక్కలు కొట్టించడానికి వెళ్లి, ఆవిడ కత్తిపీట వంక అదే పనిగా చూశాను. మామూలు ఇనుము. నల్లగా ఉంది, అంచు మాత్రం వెండితీగలా ఉంది. చుట్టూ ఉప్పునీళ్లు, ఐసు, చేపల రక్తం. తుప్పు చుక్క లేదు. నా చాకు తీసి చూపించాను.

“ఏటి బాబూ, దీంతోటి సేపలు కోస్తావేటి?”

“నీ కత్తిపీటకి తుప్పు పట్టదా అమ్మా?”

“పట్టడానికి దానికి ఖాళీ ఏదీ? తెల్లారగట్ల నుంచి కోత్తానే ఉన్నాను గదా.”

పక్కన బుట్ట మోస్తున్న కుర్రాడు కూడా నవ్వాడు. చాకు జేబులో పెట్టేశాను. ముద్ర పడే చోటే.

ఇక, పెద్దది ఎందుకు అన్న ప్రశ్న. జవాబులు సిద్ధంగానే ఉన్నాయి. సింహాచలం అనాసపండు చిన్న చాకుకి లొంగదు, పనసకాయ సంగతి చెప్పనే అక్కర్లేదు. తుపాను వస్తే పనికొస్తావు అని కూడా ఇంట్లో ఒకసారి అన్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు ఊరికి కావలసినవి గొడ్డళ్లు, రంపాలు, క్రేన్లు. ఐదంగుళాల మడతకత్తి ఉంటే నేనేం చేసేవాణ్ణని అడిగింది మా ఆవిడ. బ్రెడ్డు ప్యాకెట్టు కోసేవాణ్ణి. నిజానికి ఇప్పటిదాకా నా చాకులన్నీ కోసినవి అట్టపెట్టెల మీది టేపు, జామకాయలు, కొత్త చొక్కాల ట్యాగులు. నీ చేత కూడా అవే కోయిస్తాను. కానీ పెద్దగా కోయిస్తాను.

చట్టం అడ్డమొస్తుందని భయపడకు. ఆయుధాల నిబంధనలు లెక్కపెట్టేది తొమ్మిదంగుళాల పొడవో రెండంగుళాల వెడల్పో దాటిన బ్లేడుని. అందులోనూ ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవాటికి మినహాయింపు ఉంది, అందుకే కొబ్బరిబోండాలాయన నిశ్చింతగా ఉన్నాడు. ఆయన కత్తిని ఎవరూ ఏమీ అడగరు. రాత్రి పది దాటాక బీచ్ రోడ్డులో కానిస్టేబుల్ టార్చి వేసి “ఇదెందుకు సార్?” అంటే నేను “జామకాయలకండీ” అనాలి. ఆ చీకట్లో, ఈ సైజులో, ఆ మాట నాకే నమ్మబుద్ధి కాదు. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ ఊరు మడతచాకుకే పేరు. 2023లో అక్కడ కూడలిలో ఇరవై అడుగుల చాకు నిలబెట్టారు. పెద్దది కావాలన్న పిచ్చి నా ఒక్కడిదే కాదని అప్పుడు కాస్త ధైర్యం వచ్చింది. కాకపోతే దాన్ని మడిచి జేబులో పెట్టుకునే వీల్లేదు.

చివరిగా ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. మొన్న పూర్ణా మార్కెట్‌లో స్టీలు సామాన్ల కొట్టులో నీ గుణగణాలన్నీ ఓపిగ్గా వివరించాను. పెద్దాయన అంతా విని, లోపలికి వెళ్లి, దుమ్ము దులిపి ఒక వస్తువు తెచ్చి నా ముందు పెట్టాడు. బ్లేడు జానెడు ఉంది. స్టెయిన్‌లెస్. కిందికి మడత పడుతుంది, మరతో బిగుస్తుంది. తుప్పు పట్టదని గ్యారంటీ. కత్తిపీట. మడత కత్తిపీట. అడిగిన మూడూ ఉన్నాయి. కాదనడానికి నా దగ్గర కారణం లేదు, ఇది జేబులో పట్టదండీ అని తప్ప. “జేబులో కూర్చుని కూరలు తరుగుతారా?” అన్నాడు.

కొన్నాను. వంటింట్లో అది నీ స్థానంలో కూర్చుని ఉంది. బెండకాయలు బాగానే తరుగుతోంది. మా ఆవిడ దాన్ని “మీ మడతకత్తి” అనే పిలుస్తోంది, వచ్చిన చుట్టాలకి కూడా అలాగే పరిచయం చేస్తోంది. అయినా నీ ఆశ వదల్లేదు. నీకోసం కుట్టుమిషను నూనె సీసా, పాత బనీను గుడ్డ విడిగా పెట్టాను. దసరా ఆయుధపూజకి స్కూటరు పక్కన నీకు జాగా ఉంది.

ఇట్లు,
నీ రాక కోసం జేబు ఖాళీ చేసుకున్నవాడు

తా.క.: విమానంలో వస్తే చెక్-ఇన్ సామాన్లలో పడుకుని రా. చేతిసంచిలో వచ్చావంటే సెక్యూరిటీవాళ్లు గోళ్ల కత్తెరలతో పాటు డబ్బాలో పడేస్తారు, నీ స్థాయికి తగదు. రైల్లో అయితే టికెట్ తీసేముందు చూసుకో, కొన్ని బళ్లు విశాఖ స్టేషనుకి రాకుండా దువ్వాడ మీదుగానే పోతాయి. అక్కడ దిగావంటే, ఇంటికి ఆటోవాడు అడిగే డబ్బుతో ఇంకో చాకు వస్తుంది. తుప్పు పట్టేదే అనుకో.