ఓడిపోయాక ఆడుకుంటే తప్పేంటండీ?

అండర్-11 షటిల్ టోర్నమెంటుకి మా అమ్మాయిని తీసుకెళ్లి ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్నం సహించట్లేదు.

మాది మొదటి రౌండులోనే పోయింది, దాని గురించి కాదు నా బాధ. పక్క కోర్టులో ఒక బాబు, తొమ్మిదేళ్లుంటాయేమో, మూడో గేములో 19-21తో ఓడిపోయాడు. అవతలి పిల్లాడికి చెయ్యి కలిపి ఇంకా ఇటు తిరగనేలేదు, వాళ్ల నాన్న అందరి ముందూ మొదలుపెట్టాడు. "నెలకి ఎంత పోస్తున్నానో తెలుసా నీకు?" అని. వాడు ఏడవలేదు. గోడ దగ్గరికి వెళ్లాడు. అక్కడ సగం ఈకలు రాలిపోయిన కాక్ ఒకటి దొరికితే, రాకెట్ మీద టప్ టప్‌మని ఎగరేస్తూ లెక్కపెట్టుకుంటున్నాడు. పదహారు, పదిహేడు, పద్దెనిమిది... మొహంలోకి నవ్వు కూడా వచ్చేసింది. ఆయన విసురుగా వెళ్లి రాకెట్ లాక్కుని, "ఓడిపోయి ఆటలాడుతున్నావా?" అన్నాడు.

మరి పిల్లాణ్ణి అక్కడికి తీసుకొచ్చింది ఎందుకు, ఆడటానికి కాదా?

ఉండబట్టలేక, "పోనివ్వండి అన్నయ్యగారూ, చిన్నపిల్లాడు" అన్నాను. "మీకేం అమ్మా, మీది ఆడపిల్ల, సరదాకి ఆడుతుంది" అన్నాడు. ఈ మాట హైదరాబాద్‌లో నిలబడి అన్నాడండీ! 2012 ఒలింపిక్స్‌లో సైనా కాంస్యం తెచ్చింది ఇక్కడి నుంచే. 2016లో రజతం, టోక్యోలో కాంస్యం తెచ్చిన సింధుది ఈ ఊరే. అసలు ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ మన శ్రీకాకుళం అమ్మాయి మల్లీశ్వరి, 2000లో, వెయిట్‌లిఫ్టింగ్‌లో. ఆడపిల్లట, సరదాట.

సింధు మారేడుపల్లి నుంచి గచ్చిబౌలికి వెళ్లి ప్రాక్టీస్ చేసిన సంగతి ప్రతి తండ్రికీ నోటికొచ్చు. ఆమె అమ్మానాన్నలిద్దరూ వాలీబాల్ క్రీడాకారులైనా, తను మాత్రం తనకి నచ్చిన షటిల్ పట్టుకుందన్నది ఒక్కరూ చెప్పరు. ఆ నచ్చడం లేకపోతే రోజూ అంత దూరం ఎవరు వెళ్తారు?

నార్వేలో పదకొండేళ్లు రాకుండా పిల్లల పోటీల్లో ర్యాంకులు ప్రకటించకూడదు, పదమూడేళ్లు రాకుండా జాతీయ చాంపియన్‌షిప్ ఉండకూడదు. అది అక్కడి క్రీడా సమాఖ్య పెట్టిన నియమం. అలా పెంచిన దేశమే 2018 వింటర్ ఒలింపిక్స్‌లో 39 పతకాలతో అందరికంటే పైన నిలిచింది. మన దగ్గర తొమ్మిదేళ్లవాడికి అప్పుడే ర్యాంకు టెన్షన్.

ఆ తండ్రినొక్కణ్ణే అని ఏం లాభం? మనందరినీ పెంచిన బళ్లు అలాంటివే. నేను తొమ్మిదో తరగతిలో ఖోఖో ఆడేదాన్ని. పోల్ దగ్గర మలుపు తిరిగేటప్పుడు నన్ను పట్టుకోవడం ఎవరి వల్లా అయ్యేది కాదు. పదో తరగతిలోకి రాగానే పీటీ పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేశారు. గ్రౌండులోంచి చిన్న క్లాసుల కేకలు వినిపిస్తుంటే కిటికీ మూయించేవారు. ఇంటర్‌లో వేసిన హాస్టల్ కాలేజీకైతే గ్రౌండే లేదు, అపార్ట్‌మెంటులో నాలుగు అంతస్తులు, అంతే. రెండేళ్లు పరుగన్నది ఎరగను. ఆ రెండేళ్లు నాకు ఎవరు తిరిగిస్తారు?

మా అమ్మాయి టైంటేబుల్ ఇప్పుడే తీసి చూశాను. వారానికి రెండు పీటీ పీరియడ్లున్నాయి. ఈ నెలలో ఎన్ని జరిగాయే అంటే, "ఒకటి, అది కూడా సైన్స్ మిస్ రాలేదని" అంది. రేపు పొద్దున్నే స్కూలుకి వెళ్తున్నాను. మీ పిల్లల్ని కూడా ఈ రాత్రే అడగండి.