బయాలజీ పరీక్ష మూడు గంటలే, విచారణ మాత్రం...

పరీక్ష హాల్లో మూడు గంటలు పెన్ను కదలనివాడికి కూడా వరండాలోకి రాగానే నోరు ఆగదు. లాంగ్ బెల్ కొట్టారో లేదో, ప్రశ్నపత్రాలు చేతబట్టుకుని అందరం గుమిగూడాం.

"మానవ కణంలో క్రోమోజోములు ఎన్ని?" అన్నది మొదటి బిట్టు. 23, 46, 0, పైవన్నీ. మామూలు మనుషులు 46 పెట్టేసి ముందుకెళ్లిపోయారు. మా పక్క బెంచీ వాడు మామూలు మనిషి కాదు. "ఏ కణమో చెప్పలేదుగా! శుక్రకణంలో 23. ఎదిగిన ఎర్ర రక్తకణానికి కేంద్రకమే లేదు, అంటే సున్నా. అందుకే పైవన్నీ పెట్టా" అన్నాడు. అప్పటిదాకా హాయిగా ఉన్న 46 వాళ్ల మొహాలు మాడిపోయాయి. "కొన్ని కాలేయ కణాల్లో 92 కూడా ఉంటాయి" అని ఎవరో అందుకోగానే వాడి మొహమూ మాడింది. అప్పటికి గానీ 46 వాళ్లకు అన్నం సయించేలా కనిపించలేదు.

తర్వాతది ఏటీపీల లెక్క, అంటే కణానికి శక్తినిచ్చే అణువుల లెక్క. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఎన్ని వస్తాయంటే, ఒక పుస్తకం 38 అంటుంది, ఇంకోటి 36 అంటుంది, కొత్త పుస్తకాలు 30 నుంచి 32 అంటాయి. ఎందుకొచ్చిన గొడవని ఒకడు సగటు తీసి 34 వేశాడట.

అసలు యుద్ధం జీర్ణవ్యవస్థ బొమ్మ దగ్గర మొదలైంది. బాణం చూపిస్తున్న భాగం పేరు రాయాలి. ఆ బాణమేమో క్లోమం అనే గ్రంథిని దాటింది, ఆంత్రమూలం అనే చిన్నపేగు మొదటి భాగాన్ని చేరలేదు, రెంటికీ మధ్య ఉన్న జిరాక్స్ మరకలో మునిగిపోయింది. పైగా క్లోమం తలభాగాన్ని ఆంత్రమూలం చుట్టుకునే ఉంటుందాయె! ఒకడు స్కేలు పెట్టి గీతను పొడిగించాడు. నేరుగా పొడిగిస్తే ఆంత్రమూలం వచ్చింది. స్కేలు కాస్త జారితే క్లోమం వచ్చింది. ఎవరికి కావాల్సినట్టు వాళ్లు జార్చుకున్నారు. చివరి బెంచీ వాడు మాత్రం "లోపలి అవయవం" అని రాశాడు. దాన్ని తప్పని నిరూపించడం ఎవరి తరమూ కాలేదు. క్లాస్ ఫస్ట్ అమ్మాయి ఏదీ తేల్చుకోలేక ఖాళీగా వదిలేసింది. ఎక్కువ చదివితే వచ్చే తిప్పలు ఇలాగే ఉంటాయి.

ఇంతలో సార్ అటుగా వచ్చారు. బొమ్మను అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్లజోడు తీసి మరీ చూశారు. "సరే, ఈ బిట్టు రాసినవాళ్లందరికీ మార్కు కలుపుతాం" అని చావు కబురు చల్లగా చెప్పారు. క్లాస్ ఫస్ట్ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. చివరి బెంచీ వాడు కాలరెగరేశాడు.

అంతటితో అయిపోయేదే. వెనక నుంచి ఒక గొంతు లేచింది: "సార్, నేను క్లోమం అని రాసి కొట్టేశాను, ఆంత్రమూలం అని రాసి అదీ కొట్టేశాను. నేను రాసినట్టా, రాయనట్టా?"

రాసినట్టేనని సగం మంది, కానే కాదని సగం మంది లేచారు. తీర్పు కోసం అటు తిరిగి చూసేసరికి సార్ స్టాఫ్ రూములోకి వెళ్లి లోపల గడియ వేసేసుకున్నారు.